పెరుగు పులవకముందే

పాలకీ పెరుగుకీ కరువెరగని కాలంలో ఒక రాజుండేవాడు. ఆయన పేరు ధవళకీర్తి. ఆయన ఏలే రాజ్యం పేరు పాలవెల్లి. సముద్రం ఒడ్డునే ఉండేది. అక్కడ మనుషుల కంటే ఆవులెక్కువ, ఆవుల కంటే ముంతలెక్కువ. ఏ ఇంటికెళ్ళినా ముందు మజ్జిగ, తర్వాతే మాట. ఆ ఊరి దొంగలు కూడా మీసాలకంటిన వెన్న తుడుచుకోవడం మరిచిపోయి పట్టుబడేవాళ్ళు. నవ్వండి, నవ్వండి. ఇప్పుడే నవ్వుకోండి. ఇది చివరిదాకా నవ్వే కథ కాదు.

రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి బలమెక్కువ, రెండోవాడికి మాటలెక్కువ. మూడోవాడు తారకేతు. తారకేతుతో పాటు ఒక ఆడపిల్ల కూడా పుట్టింది. ఇద్దరూ కవలలు. పిల్ల పేరు కువలయ. ఆమె తమ్ముడి కంటే ఒక్క గడియ ముందు పుట్టింది. ఆ ఒక్క గడియనీ పట్టుకుని ఊరంత పెద్దరికం చెలాయించేది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆ పెద్ద మామిడిపండు నాకివ్వు. నేను నీ అక్కని."

"ఒక్క గడియకే అక్కవైపోయావా?"

"గడియైనా గడియే. నువ్వు ఏడుపు మొదలెట్టేసరికి నేను ఏడ్చి ఊరుకున్నాను కూడా."

పండు అక్కకే దక్కేది. టెంక మాత్రం తమ్ముడికి ఇచ్చేది, పాపం మంచిది.

పాలవెల్లిలో ఒక ఆచారం ఉండేది. ఇంట్లోంచి ఎవరైనా ఊరెళ్తుంటే, ఒకే ఆవు పాలు రెండు ముంతల్లో పోసి, ఒకే తోడు వేసేవాళ్ళు. ఒక ముంత వెళ్ళేవాళ్ళతో వెళ్ళేది, ఒకటి ఇంట్లో ఉండేది. వాటిని జంట ముంతలనేవాళ్ళు. ఒకే పాలు, ఒకే తోడు, కాబట్టి రెండూ ఒకేసారి తోడుకుంటాయి కదా. పొద్దున్నే ఇక్కడ వీళ్ళొక ముద్ద, అక్కడ వాళ్ళొక ముద్ద తింటే, ఎంత దూరాన ఉన్నా ఒక్క విస్తట్లో తిన్నట్టేనని వాళ్ళ నమ్మకం. వెళ్ళేవాడు "మళ్ళీ వస్తా" అనేవాడు కాదు. "పెరుగు పులవకముందే వస్తా" అనేవాడు.

కువలయకి పెళ్ళీడు వచ్చింది. హేమభూషణుడనే రాకుమారుడితో పెళ్ళి కుదిరింది. కోట ముందు పందిరి వేశారు. మూడు ముళ్ళూ పడ్డాయి. పెళ్ళికొడుకు వేళ్ళకి పసుపు ఇంకా తడిగానే ఉంది. ఇక అన్నదమ్ములు పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోయాలి, ఆమె వాటిని హోమంలో వేయాలి, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఏడడుగులు నడవాలి. ఆ ఏడడుగులూ పడితేగాని పెళ్ళి పూర్తయినట్టు కాదు.

తారకేతు పిడికిటి నిండా పేలాలు తీసుకున్నాడు. అప్పుడే పందిట్లోకి నల్లటి పొగ వచ్చింది. ఆ పొగ వెనకే ధూమకర్ణుడనే మాంత్రికుడు వచ్చాడు. వాడి రెండు చెవుల్లోంచీ ఎప్పుడూ పొగ వస్తూ ఉండేది.

"రాజా! నీ కూతురు నాక్కావాలి. ఈ కుర్రవాడికి ఎలా కట్టబెడతావ్?" అన్నాడు.

హేమభూషణుడు కత్తి సగం దూశాడు. మాంత్రికుడు అరచేతిలోని బూడిద ఊదాడు. పెళ్ళికొడుకు నిలబడ్డవాడు నిలబడ్డట్టే రాయైపోయాడు.

"నేను బతికున్నంతకాలం వీడు రాయే. నన్ను చంపాలంటారా? నా ప్రాణం నా దగ్గర లేదు. ఏడు సముద్రాల అవతల ఒక పచ్చటి చిలకలో ఉంది. ఆ చిలక వెలుగుతో పోటీపడి ఎగురుతూనే ఉంటుంది. వెయ్యేళ్ళుగా ఒక్క కొమ్మ మీద వాలలేదు. అది వాలిననాడు నేను చస్తాను" అని, కువలయ వైపు తిరిగి పళ్ళు చూపించాడు. "ఈ రాయిని చూసి చూసి నీకే విసుగొస్తుంది పిల్లా. విసుగొచ్చినప్పుడు నా గుహకి రా."

వాడు వెళ్ళిపోయాడు. కువలయ రాయి పక్కన కూలబడింది. తారకేతు పిడికిట్లో పేలాలు అలాగే ఉన్నాయి. వాటిని ఉత్తరీయం కొంగున మూటకట్టి, "అక్కా, ఈ పేలాలు ఇంకెవరూ పోయరు. చిలకని తెచ్చి నేనే నీ దోసిట్లో పోస్తాను" అన్నాడు.

పెద్దన్న ముందు బయల్దేరాడు. ఏనుగెక్కి సముద్రం దాకా వెళ్ళాడు. ఏనుగు మోకాలి లోతు దిగి ఇక రానంది. అన్న తిరిగొచ్చాడు. రెండో అన్న ఓడెక్కాడు. మొదటి అలకే కడుపులోదంతా సముద్రానికి అప్పజెప్పి, సాయంత్రానికి వచ్చి పడుకున్నాడు. ఇక మిగిలింది తారకేతు.

తారకేతు ఒడ్డున తిరుగుతుంటే రాళ్ళ మధ్య ఒక ముసలి తాబేలు కనిపించింది. దాని పక్కన తెల్లటి తేజి నిలబడి ఉంది. సూర్యుడి రథానికి ఏడు గుర్రాలుంటాయి కదా, వాటిలో ఒకదానికి పుట్టిన పిల్ల అది. పరుగులో కాలు మడతపడి వెనకబడిపోతే తాబేలే సాకింది.

"తాబేలు తాతా, ఈ తేజి నన్ను చిలక దగ్గరికి తీసుకెళ్తుందా?"

"తీసుకెళ్తుంది నాయనా. తిరిగి తీసుకొస్తుంది కూడా. నీకదేమంత దూరం కాదు. ఇంట్లో ఉన్నవాళ్ళకే దూరం."

"నాకర్థం కాలేదు."

"పెరుగు ఊరివాడివేగా. నీ భాషలోనే చూపిస్తా, రెండు ముంతలు తే."

తారకేతు జంట ముంతలు తెచ్చాడు. తాబేలు ఒకటి తన దగ్గర ఇసకలో పెట్టుకుంది. రెండోది గుర్రం జీనుకి కట్టించింది. చీకటిపడే వేళకి తేజి పరుగు మొదలెట్టింది. మొదటి సముద్రమంతా చుట్టి తెల్లారేసరికి ఒడ్డుకొచ్చింది. ఆ రాత్రి ఎలా గడిచిందో తారకేతుకి తెలియలేదు. ఒక జాము కూడా అయినట్టు లేదు.

తాబేలు ముంతలో పెరుగు గట్టిగా తోడుకుంది. తారకేతు ముంతలో పాలు పాలలాగే ఉన్నాయి.

"చూశావా?" అంది తాబేలు. "మీ అక్క గచ్చకాయలాడుతుందా?"

"ఆడుతుంది. ఆడినప్పుడల్లా నన్ను ఓడిస్తుంది."

"ఆమె కదిలే పడవలో కూచుని ఆడుతోందనుకో. కాయని ఎగరేసి పట్టుకుంటుంది. ఆమె కళ్ళకి కాయ నిలువునా లేచి నిలువునా దిగుతుంది. ఒడ్డునున్న నా కళ్ళకి? పడవ ముందుకి జరిగిపోతోందిగా, కాయ ఏటవాలుగా ఎక్కి ఏటవాలుగా దిగుతుంది. నాకు కనబడే దారి పొడుగు."

"అవును."

"కాయైతే పడవ తోపుని కూడా కలుపుకుని జోరుగా పోతుంది, అందుకని ఆ పొడుగు దారిని కూడా అదే వేళకి దాటేస్తుంది. ఇప్పుడు కాయ బదులు మీ అక్క ఒక వెలుగుచుక్కని ఎగరేస్తోందనుకో. వెలుగుకి పొగరెక్కువ నాయనా. అది ఎవరి తోపూ తీసుకోదు. పడవ నిలబడినా పరిగెత్తినా దాని నడక ఒక్కటే. దారేమో పొడుగు, నడకేమో అదే. మరి?"

"ఎక్కువసేపు పడుతుంది."

"అదే. పడవలో ఒక్కసారి ఎగరేసి పట్టుకునేసరికి ఒడ్డున రెండుసార్లంత కాలం గడిచిపోతుంది. పడవ ఇంకా జోరుగా పోతే పదిసార్లంత. వెలుగుని అందుకునేంత జోరుగా పోతే ఒడ్డున పిల్లలు ముసలివాళ్ళైపోతారు. పడవలో కూచున్న పిల్లకి మాత్రం ఏ తేడా తెలియదు. ఆమె గుండె చప్పుడు, ఆమె ఆకలి, ఆమె ఒళ్ళో ముంత, అన్నీ ఆ వెలుగుచుక్కతో పాటే నెమ్మదిస్తాయి."

తారకేతు రెండు ముంతల్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"తాతా, నువ్వు నీళ్ళలో బతికేవాడివి, పాల సంగతి నీకేం తెలుసు? సముద్రం మీద చలిగాలి. చలిగాలి తగిలితే పాలు తోడుకోవు. మా ఊళ్ళో పాలు తాగే పిల్లనడిగినా చెబుతుంది."

"చలిగాలి కాదు నాయనా."

"చలిగాలే తాతా."

తాబేలు నిట్టూర్చింది. "నీ ముంత అబద్ధం చెప్పదు. కానీ అది నీతో పాటు గుర్రం మీదే ఉంటుంది. నీ సంగతే చెబుతుంది. మీ అక్క సంగతి చెప్పదు" అంది.

తారకేతు అప్పటికే గుర్రం చెవి దగ్గర వంగాడు. "చిలక దగ్గరికి ఎన్ని రాత్రులు పడుతుంది?"

"నీకు ఒక్క రాత్రి" అంది తేజి. తారకేతు 'ఒక్క రాత్రి' అన్నది విన్నాడు, 'నీకు' అన్నది వినలేదు.

ఇంటికి పరిగెత్తుకొచ్చి అక్కకి అంతా చెప్పాడు. తాబేలు మాట కూడా దాచలేదు. కువలయ కనుబొమలు ముడిచింది.

"పాలు తోడుకోలేదా? ఎందుకు?"

"చలిగాలికి అక్కా."

"అంతేలే. చలిగాలికి తోడుకోవు" అంది కువలయ కూడా. ఆమె కూడా పాలవెల్లి పిల్లే కదా.

తల్లి స్వయంగా పాలు పిండి తెచ్చింది. రెండు ముంతల్లోకీ తోడు వేసింది. తారకేతు ముంతకి మందపాటి గొంగళి చుట్టింది, గాలి సోకకుండా. దారంతా గొంగళి తియ్యొద్దని మూడుసార్లు చెప్పింది.

"ఒక రాత్రి వెళ్ళడం, ఒక రాత్రి రావడం. ఎల్లుండి పొద్దున్న నీ దోసిట్లో పేలాలు పోస్తాను. పెరుగు పులవకముందే వస్తానక్కా" అన్నాడు తారకేతు.

"రాకపోతే చూడు. నేను నీకంటే పెద్దదాన్ని, చెవి మెలేస్తాను" అంది కువలయ. నవ్వుతూనే అంది. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు.

తేజి పరిగెత్తింది. మొదటి సముద్రానికి పిడికెడు ఉలవలు తింది. రెండో సముద్రానికి గంపెడు తింది. మూడో సముద్రానికి గాదెడు తింది. దాని మూతికి కట్టిన సంచి సూర్యుడి గుర్రపుశాలలోది, ఎంత తిన్నా అడుగంటదు. నాలుగు, అయిదు, ఆరు దాటేసరికి ఒక రాజ్యం పండించే ఉలవలు తిన్నా వేగం వెంట్రుకవాసి పెరిగేది, అంతే. ఎంత తిన్నా, ఎంత పరిగెత్తినా వెలుగు మాత్రం ముందే ఉండేది. ఆకాశంలో చుక్కలన్నీ జరిగి జరిగి వాళ్ళ ముందుకొచ్చి గుమిగూడాయి. వెనకంతా చీకటి.

ఏడో సముద్రం దాటేసరికి ఒక రాత్రయింది. తారకేతు గొంగళి విప్పి చూశాడు. పెరుగు చక్కగా తోడుకుంది. "చూశావా తేజీ! గొంగళి చుడితే తోడుకుంది. నేను చెప్పలా?" అన్నాడు.  తారకేతు సగం పెరుగు తిన్నాడు. "ఇప్పుడు అక్క కూడా తింటూ ఉంటుంది" అనుకున్నాడు.

అక్కడ నేల లేదు, చెట్టు లేదు. పచ్చటి చిలక ఒక్కటే గుండ్రంగా ఎగురుతోంది. తేజి దాని పక్కకి చేరి అదే వేగంతో పరిగెత్తింది. పక్కపక్కన ఒకే జోరున పోయేవాళ్ళకి ఎదుటివాళ్ళు నిలబడ్డట్టే ఉంటుంది కదా. చిలక తల తిప్పి చూసింది. ముక్కు కింద నూగు కూడా రాలని చిన్న చిలక.

"నువ్వెవరు? నన్ను మా అమ్మ దగ్గరికి తీసుకెళ్తావా?" అంది. "ఆ పొగచెవులాయన మొన్ననే నన్ను గూట్లోంచి పట్టుకొచ్చాడు. ఆగితే పీక నులిమేస్తానన్నాడు. అమ్మ జామపండు తెస్తానని వెళ్ళింది. తెచ్చి నా కోసం వెతుక్కుంటూ ఉంటుంది."

తారకేతుకి నవ్వొచ్చింది. "మొన్నేమిటే పిచ్చిదానా! వాడు నిన్ను పట్టుకొచ్చి వెయ్యేళ్ళయింది. వాడే చెప్పాడు. మీ అమ్మ ఎప్పుడో..."

మాట సగంలో ఆగిపోయింది. చిలక ఇంకా పిల్లగానే ఉంది. వెయ్యేళ్ళు ఎటు పోయాయి? తారకేతు చేతిలో ముంత చూసుకున్నాడు. తాబేలు మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"తేజీ," అన్నాడు నెమ్మదిగా, "మనం బయల్దేరి పాలవెల్లిలో ఎన్నాళ్ళయింది?"

"పాతికేళ్ళు. ఇక్కడికి రావడానికి వెలుగుకే పాతికేళ్ళు పడుతుంది. నేను దానికంటే వెంట్రుకవాసి వెనక."

"తిరిగి వెళ్తే?"

"ఇంకో పాతిక."

"ఇంకా వేగంగా వెళ్ళు. ఎన్ని ఉలవలైనా తిను."

"ఎంత వేగంగా వెళ్ళినా ఆమెకి పాతికే. తగ్గేది నీకే."

"పోనీ, నెమ్మదిగా వెళ్తే?"

"ఆమె పాడె కూడా నీకు కనబడదు."

"ముందే ఎందుకు చెప్పలేదు?" అని అరిచాడు తారకేతు.

"చెప్పాం బాబూ. నువ్వు చలిగాలి అన్నావు" అంది తేజి.

తారకేతు గుర్రం మెడ కౌగిలించుకుని ఏడ్చాడు. చిలకకి కూడా సంగతి అర్థమైంది. అది ఏడవలేదు. "అయితే అమ్మ ఇంక వెతకడం లేదన్నమాట" అని, వచ్చి తారకేతు భుజం మీద కూచుంది. మరి వాలింది కదా, మాంత్రికుడు చావలేదేం అని అడుగుతారేమో. భుజం కూడా పరిగెడుతూనే ఉందర్రా. నిలకడగా ఉన్న చోట వాలితేనే వాడు చచ్చేది. నిలకడైన చోటు పాలవెల్లి దాకా లేదు.

తిరుగుదారి కూడా ఒక్క రాత్రే. తారకేతు ఆ రాత్రంతా ఊపిరి తీసుకోవడానికి భయపడ్డాడు. తను ఒక్కసారి ఊపిరి తీసేలోపు అక్కకి ఒక పగలు గడిచిపోతోంది. తను ఒక్క కునుకు తీస్తే అక్కకి కొన్నేళ్ళు పోతాయి. నిద్రపోకుండా కూచున్నాడు. కూచుంటే మాత్రం ఏం ఆగుతుంది? ఏమీ ఆగలేదు.

ఒడ్డు వచ్చింది. తేజి ఆగకముందే చిలక భుజం మీంచి లేచి, ఎక్కడా వాలకుండా పైనే ఎగురుతూ వచ్చింది. తాబేలు రాళ్ళ మధ్య అక్కడే ఉంది. తలెత్తి తారకేతుని చూసి, తల లోపలికి లాక్కుంది.

ఊరు మారిపోయింది. తను నాటిన మామిడి మొక్క కోట గోడ దాటి పెరిగింది. దారిలో ఒక్క మనిషీ తెలిసిన మనిషి కాదు. పెళ్ళిపందిరి ఉన్న చోట రాతి స్తంభాలు నిలబెట్టి పెంకులు కప్పారు. ఎండా వానా తగలకుండా రాతి పెళ్ళికొడుకు ఆ కప్పు కింద నిలబడి ఉన్నాడు. అతని పాదాల దగ్గర తెల్లటి జుట్టుతో ఒక ముసలావిడ కూచుని, ఒళ్ళో ముంత పెట్టుకుని పెరుగు ముద్ద కలుపుకుంటోంది.

"ఎవరు బాబూ? ఎండలో వచ్చావు, మజ్జిగ తాగుతావా?" అంది తలెత్తకుండానే.

"అక్కా" అన్నాడు తారకేతు.

ముసలావిడ చెయ్యి ఆగింది.

"ఈ చెవులొకటి. రోజూ ఇదే వేళకి ఇలాగే వినబడుతుంది" అని తనలో తాను గొణుక్కుంది.

తారకేతు ఎదురుగా మోకాళ్ళ మీద కూచున్నాడు. ఆమె రెండు చేతుల్తో అతని మొహమంతా తడిమింది. గడ్డం లేదు, ముడత లేదు. గుర్రమెక్కి వెళ్ళిననాటి మొహమే.

"వచ్చావురా" అంది.

"వచ్చానక్కా. అమ్మేదీ?"

"అమ్మ ఎప్పుడో పోయిందిరా. పోయేముందు కూడా ముంతకి గొంగళి గట్టిగా చుట్టానా అని అడిగింది. చుట్టావమ్మా అని చెప్పాను. నాన్నగారూ పోయారు. అన్నయ్యలూ పోయారు. రాజ్యం నా మెడకి చుట్టుకుంది. ఏదోలా ఏలాను. కరువు రానివ్వలేదులే."

"ఆ ధూమకర్ణుడు?"

"ఏటేటా వచ్చేవాడు. విసుగొచ్చిందా అని అడిగేవాడు. కాసిన్ని మజ్జిగ పోసి పంపేసేదాన్ని."

తారకేతు ఆమె పాదాలు పట్టుకున్నాడు. "చలిగాలి అనుకున్నానక్కా. ఎల్లుండి పొద్దున్న వస్తానన్నాను. పెరుగు పులవకముందే వస్తానన్నాను."

"నీ ముంతేదీ? ఇలా ఇవ్వు."

గొంగళి విప్పి ముంత అందించాడు. ఆమె వేలితో కొంచెం తీసి నాలిక మీద పెట్టుకుంది. కాసేపు కళ్ళు మూసుకుంది.

"అమ్మ వేసిన తోడు" అంది. ఆ తర్వాత "పులవలేదురా. మాట నిలబెట్టుకున్నావు" అని భోరుమంది. ఇన్నేళ్ళూ ఏడవని మనిషి, రాజ్యమేలిన మనిషి, తమ్ముడి భుజం మీద తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "ఒక్క గడియకే అక్కనా అనేవాడివి. ఇప్పుడేమంటావురా?" అంది. 

చిలక ఎగిరొచ్చి రాతి పెళ్ళికొడుకు భుజం చుట్టూ తిరిగింది. "ఇది మా అడవేనా?" అని అడిగింది.

"కాదు తల్లీ. కానీ జామచెట్లున్నాయి. వాలు" అంది కువలయ.

చిలక వాలింది. ఎక్కడో గుహలో అన్నం ముందు కూచున్న ధూమకర్ణుడి మీద, వాడు తప్పించుకున్న వెయ్యేళ్ళూ ఒక్కసారే పడ్డాయి. చెవుల్లో పొగ ఆరిపోయింది. పిడికెడు బూడిద మిగిలింది.

రాయి కదిలింది. హేమభూషణుడు సగం దూసిన కత్తి పూర్తిగా దూసి, "వాడేడీ?" అని అరిచాడు. చుట్టూ చూశాడు. పందిరి లేదు, పెళ్ళివాళ్ళు లేరు. పురోహితుడు లేడు. బావమరిది ఒక్కడే తెలిసినవాడు.

"అవ్వా, కొంచెం పక్కకి జరగండి. కువలయ ఏది? ఇక్కడే, నా పక్కనే ఉంది" అన్నాడు.

కువలయ పమిట ముఖానికి అడ్డం పెట్టుకుంది. వయసు మీద పడ్డప్పటి నుంచీ ఆమె ఎదురుచూసిన రోజూ ఇదే, భయపడిన రోజూ ఇదే. తమ్ముడి చెవి దగ్గర, "పోయిందని చెప్పరా. ఆ పిల్లాడి బతుకు ఇంకా మొదలవ్వలేదు. ముసలిదాన్ని అతని మెడకి కట్టకు" అంది.

తారకేతు ఏం చెయ్యాలో తోచక ఉత్తరీయం కొంగు విప్పాడు. పేలాలు ఉన్నాయి. మెత్తబడలేదు కూడా. "అక్కా, దోసిలి పట్టు" అన్నాడు.

ఆ మాట హేమభూషణుడు విన్నాడు. పేలాలు చూశాడు. ముసలావిడ మెడలో తాళి చూశాడు. తన వేళ్ళు చూసుకున్నాడు.

"ఇప్పుడేగా నేను మూడు ముళ్ళూ వేసింది. పసుపు ఇంకా ఆరలేదు" అన్నాడు.

"మీకు ఆరలేదు. నాకు ఎప్పుడో ఆరిపోయింది" అంది కువలయ పమిట చాటునుంచి.

అతను కత్తి ఒరలో పెట్టాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నేను రెప్ప వేసి తెరిచానంతే. ఆ రెప్పపాటులో నీ వయసంతా ఇక్కడ కూచోబెట్టాను. పద కువలయా, అడుగులు మిగిలిపోయాయి" అన్నాడు.

ఊరంతా పోగయింది. హోమం వెలిగించారు. తారకేతు దోసిట్లో పేలాలు పోశాడు. ఆమె వేళ్ళు ఎముకలే మిగిలి సందులు పడ్డాయి, కొన్ని పేలాలు జారి కింద పడ్డాయి. తారకేతు ఒక్కొక్కటే ఏరి మళ్ళీ పోశాడు. తర్వాత ఏడడుగులు. మోకాళ్ళు పట్టేసి నాలుగో అడుగు దగ్గర ఆమె ఆగింది. పెళ్ళికొడుకు ఆగాడు. ఊరంతా ఆగింది. ఆయాసం తీరాక మిగతా మూడూ నడిచారు. ఏడు సముద్రాలు దాటినవాడు ఆ ఏడడుగులూ చూడలేక మొహం తిప్పుకున్నాడు.

తారకేతుకి పట్టం కట్టారు. ఆయన చాలాకాలం ఏలాడు, పాడిపంటలకి లోటు రానివ్వలేదు. తేజిని ఆ రోజే ఒడ్డున తాబేలుకి అప్పగించి వచ్చాడు. మళ్ళీ ఎప్పుడూ నడక కంటే వేగంగా వెళ్ళలేదు. దూతలు పరిగెత్తుకొస్తే కోప్పడేవాడు. జనం నవ్వుకునేవాళ్ళు, వాళ్ళకేం తెలుసు.

కువలయ ఆ పెళ్ళి తర్వాత రెండు వానాకాలాలు బతికింది. ఆ రెండూ హాయిగా బతికింది. పొద్దున్నే భర్తతో, తమ్ముడితో కలిసి ఒక్క ముంతలోంచి పెరుగు తినేది. జంట ముంతలు పెట్టనిచ్చేది కాదు. మూడో వానాకాలం మొదట్లో మంచం పట్టింది. తారకేతు పక్కనే కూచుని చెయ్యి వదల్లేదు.

"వెళ్ళకక్కా. నేను వచ్చి ఎంతసేపైంది? ఇంకొంచెం ఉండు" అని బతిమాలాడు.

కువలయ కళ్ళు తెరిచి చూసింది. పాత పెద్దరికం మొహంలోకి వచ్చింది.

"ఏడవకురా. ఒక్క గడియే కదా. నీకంటే పెద్దదాన్ని, ముందు నేనే వెళ్ళాలి" అంది.

ఇదర్రా కథ. ముంత మీద మూత పెట్టి పడుకోండి. పొద్దున్నే ఎవరూ ఒంటరిగా తినకండి.